గుసగుస: వినపడనివాళ్లు పెట్టిన పేరు

“నిన్న నేను మా అక్కతో గుసగుసలాడాను” అని ఎవరైనా చెప్పగా విన్నారా? చెప్పరు. “అక్క చెవిలో చెప్పాను” అంటారు. “చిన్నగా చెప్పాను”, “గుట్టుగా చెప్పాను”, “చెవిన వేశాను” అంటారు. పాటల్లో, ప్రేమ కవితల్లో తప్ప గుసగుస ఎప్పుడూ అవతలివాళ్లదే. “వాళ్లిద్దరూ ఏందో గుసగుసలాడుకుంటున్నారు.” “వెనక బెంచీలో ఏంట్రా ఆ గుసగుసలు?” “ఊళ్లో గుసగుసగా అనుకుంటున్నారు.” వ్యాకరణం భాషలో చెప్పాలంటే ఈ క్రియకు ప్రథమ పురుష ఉంది, కోపంగా అడిగేటప్పుడు మధ్యమ పురుష ఉంది, ఉత్తమ పురుష మాత్రం దాదాపు లేదు. తెలుగులో మెల్లగా మాట్లాడటానికి పది మాటలున్నాయి. ఏది ఎప్పుడు వాడతామన్న చిక్కుముడి విప్పడానికి నాకు దొరికిన కొస ఇదే.

ఇది నాకు మొదట తట్టింది పొదిలి దగ్గర, మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో. ఎండాకాలం సెలవుల్లో పంచలో చింతకాయల కుప్ప పోసుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చునేవాళ్లు. పెంకు ఒలవడం, ఈనెలు లాగడం, రాతి మీద పెట్టి కొట్టి గింజలు తీయడం. పని చేతులది, మాటలు నోటివి. నేను పంచలోకి అడుగు పెట్టగానే గొంతులు దిగిపోయేవి. నాకు వినపడేదల్లా “స... స... చ...”, మధ్యలో రాతి మీద గింజ టక్కుమన్న చప్పుడు. ఒకరోజు ఉండబట్టలేక “ఏంది అమ్మమ్మా గుసగుస?” అని అడిగాను. “గుసగుసేందిరా అబ్బయా? మేమేదో మాట్లాడుకుంటుంటేనూ!” అంది. ఆమె నిజంగానే నొచ్చుకుంది. ఆ వలయంలో కూర్చున్నవాళ్లకు అది మాట. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు అది గుసగుస. ఒకే చప్పుడు, రెండు పేర్లు.

నా చెవికి ఆ “స” ఒక్కటే ఎందుకు చేరింది? ఇది గొంతు పనితీరులో ఉన్న విషయం. మెడ మీద కంఠమణి దగ్గర రెండు వేళ్లు ఆనించి “గగగ” అనండి. వేళ్ల కింద సన్నటి అదురు తెలుస్తుంది. స్వరపేటికలో ఉన్న రెండు స్వరతంత్రులు కలుస్తూ విడిపోతూ కంపించడం వల్ల వచ్చే అదురు అది. మగవాళ్లలో సెకనుకు వంద సార్లకు పైన, ఆడవాళ్లలో రెండు వందల సార్లకు అటూ ఇటూగా కంపిస్తాయవి. ఇప్పుడు వేళ్లు తీయకుండా అదే అక్షరాన్ని పక్కవాళ్ల చెవిలో చెప్పినట్టు అనండి. అదురు మాయమవుతుంది. స్వరతంత్రులు కంపించడం మానేసి, మధ్యలో చిన్న సందు వదిలి బిగుసుకుంటాయి. ఆ సందులోంచి ఒరుసుకుంటూ వచ్చే గాలినే నాలుక, పెదవులు కలిసి అక్షరాలుగా మలుస్తాయి. మామూలుగా మాట్లాడుకుంటే 60 డెసిబెల్స్ దగ్గర ఉండే చప్పుడు ఇలా మాట్లాడితే 30 దగ్గరికి పడిపోతుంది. కంపనం లేదు కాబట్టి శ్రుతి కూడా ఉండదు.

బళ్లో నేర్చుకున్న పరుషాలు, సరళాలు గుర్తున్నాయి కదా. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు. సరళానికి స్వరతంత్రుల అదురు తోడుంటుంది, పరుషానికి ఉండదు. గొంతు ఆపేస్తే ఈ తేడా పలచబడిపోతుంది. “గాలి”, “కాలి” అని రెండు మాటలూ ఎవరి చెవిలోనైనా గుసగుసగా చెప్పి, ఏది ముందు చెప్పారో అడిగి చూడండి. చాలామంది తడబడతారు. అచ్చులు నీరసపడతాయి, మ, న లాంటి అనునాసికాలు దాదాపు వినపడకుండా పోతాయి. “స”కి మాత్రం పోయేదేమీ లేదు, అది పుట్టుకతోనే గాలి అక్షరం. గట్టిగా అన్నా మెల్లగా అన్నా అందులో స్వరతంత్రుల పని లేదు. శ ష స హ అనే ఈ నాలుగింటికీ మన వ్యాకరణం ఊష్మాలని పేరు పెట్టింది. ఊష్మం అంటే వేడి, ఆవిరి. పదడుగుల దూరంలో ఉన్నవాడికి మిగతా అక్షరాలన్నీ కరిగిపోయి ఈ ఆవిరి ఒక్కటే అందుతుంది. ఆ అందిన ముక్కతోనే అతను ఒక మాట కట్టాడు. గుసగుస అనే మాటలో “గుస” అంటే ఏమీ అర్థం లేదు, విడిగా అది తెలుగులో మాటే కాదు. లోపలి సంభాషణ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. బయటికి కారినది మాత్రమే చెబుతుంది.

ఇంకో ముచ్చట. “గుసగుస” అన్న మాటనే గుసగుసగా అంటే “గ”లోని అదురు పోయి “కుసకుస”లా వినపడుతుంది. తమిళంలో ఈ మాట కుసుకుసు. తమిళనాడు సరిహద్దున ఉన్న తడ వైపు రెండు భాషలూ ఇంట్లోనే వినే వాళ్లకు ఇది కొత్త కాదు. మలయాళంలో కుశుకుశు, కన్నడంలో గుసుగుసు. ఇవన్నీ ఒక ఇంటి పిల్లలు. ఆ ఇంటికి అవతల చూసినా “స” వదలదు. హిందీలో ఫుస్‌ఫుస్, బెంగాలీలో ఫిస్‌ఫిస్, ఇంగ్లీషులో విస్పర్, స్పానిష్‌లో సుసురార్. ఇంతమంది ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకుని ఉండరు. గుమ్మం దగ్గర నిలబడ్డ చెవి అన్ని దేశాల్లోనూ ఒకటే.

చెవికి అందినదాన్ని బట్టి గుసగుస పుడితే, కంటికి కనపడినదాన్ని బట్టి పుట్టిన మాట ఇంకొకటుంది. చెవులు కొరుక్కోవడం. దూరం నుంచి చూడండి: ఒకరి నోరు ఇంకొకరి చెవి దగ్గర, దవడ కదులుతూ ఉంటుంది, చప్పుడు లేదు. కొరుకుతున్నట్టే ఉంటుంది. ఈ మాటనూ మన గురించి మనం వాడుకోం. హిందీలో కానాఫూసీ అన్న మాటలో చెవి, ఫుస్‌ఫుస్ రెండూ కలిసిపోయాయి. నెల్లూరులో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో తెలిసిన సర్‌గోషీ అన్న మాటలో సర్ అంటే తల, గోష్ అంటే చెవి. చెవి దగ్గర తల. అదీ చూసినవాడు గీసిన బొమ్మే.

గొణుగుడు, సణుగుడు, నసుగుడు ఈ కుటుంబంలోవి కావు, కలిపేస్తే పొరపాటు. గొణుక్కోవడానికి రెండో మనిషి అక్కర్లేదు. పైగా అందులో గొంతు పలుకుతూనే ఉంటుంది, పెదవులే సరిగా తెరుచుకోవు. మాటలో ఉన్న “ణ” ఆ ముక్కుతో పలికే తీరుని పట్టిస్తుంది. సణగడమంటే ఫిర్యాదు, ఆగకుండా సాగేది. నసగడమంటే చెప్పాలా వద్దా అన్న వెనకాముందు. హీనస్వరం పూర్తిగా వేరు, అది ఒంట్లో శక్తి లేక తగ్గిన గొంతు. మా అమ్మమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నన్ను దగ్గరికి రమ్మని, “పప్పు డబ్బాలో నూట యాభై ఉండాయి, పాలబ్బాయికి ఇచ్చెయ్” అంది. చెవి ఆమె నోటికి ఆనిస్తే గానీ వినపడలేదు. దాన్ని గుసగుస అనడానికి నాకు నోరు రాదు.

గుసగుస కన్నా గ్రంథాల్లో ఘనమైన రూపం గుజగుజ. 15వ శతాబ్దపు బమ్మెర పోతన భాగవతం అష్టమ స్కంధంలో, బలిచక్రవర్తి యజ్ఞశాలలోకి వామనుడు నడిచి వచ్చే చోట ఇది కనిపిస్తుంది. ఆ పొట్టి వడుగు, అంటే బాల బ్రహ్మచారి, రాగానే సభలో జనం కలకలపడ్డారు. గుజగుజలు వోవువారు కొందరు, గజిబిజి పడేవారు కొందరు. ఇప్పుడు మనం గుసగుసలు పోతున్నారు అంటున్నామే, అదే కట్టు. దీని పక్కనే ఇంకో పద్యముంది. వచ్చినవాడు శివుడా, విష్ణువా, బ్రహ్మా, సూర్యుడా, అగ్నా అని సభ్యులు విస్తుపోయి మాట్లాడుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. అక్కడ పోతన గుజగుజ అనలేదు, రహస్యంబునన్ సంభాషించిరన్నాడు. మాటలు మనకు వినిపించిన చోట అది సంభాషణ. మాటలు వినిపించకుండా చప్పుడే చూపించిన చోట గుజగుజ. నేను పంచ గుమ్మంలో తెలుసుకున్నది ఆ మహాకవికి చెవిలోనే ఉంది.

ఇంతకన్నా వెనక్కి వెళ్తే ఇంకా స్పష్టంగా చెప్పినవాళ్లున్నారు. కృష్ణ యజుర్వేదానికి, అంటే మన ప్రాంతపు వేదపాఠశాలల్లో ఎక్కువగా వినపడే శాఖకు, తైత్తిరీయ ప్రాతిశాఖ్యం అని ఒక ఉచ్చారణ శాస్త్రం ఉంది. గొంతు మూసినట్టుంటే నాదం, తెరిచి ఉంటే శ్వాస అని అది తేల్చింది. మనం వేళ్లు ఆనించి చూసింది అదే. వాక్కుకు ఏడు స్థానాలు కూడా చెప్పింది: ఉపాంశు, ధ్వానం, నిమదం, ఉపబ్దిమత్, మంద్రం, మధ్యమం, తారం. చివరి మూడూ సంగీతం తెలిసినవాళ్లందరికీ తెలుసు. నా కన్ను మొదటి మూడింటి మీద ఉంది. ఉపాంశువులో నోరు కదులుతుంది, శబ్దం రాదు. ధ్వానంలో శబ్దం వస్తుంది గానీ అచ్చులూ హల్లులూ ఏవో విడిగా అందవు. అవి విడిగా అందితే నిమదం. వాళ్లు గీసిన గీత చూడండి, గొంతు ఎంత పెద్దదన్న దాని మీద కాదు, వినేవాడికి అక్షరం అందిందా లేదా అన్న దాని మీద. చింతకాయల కుప్ప చుట్టూ కూర్చున్నవాళ్లకు నిమదం, గుమ్మంలో ఉన్నవాడికి ధ్వానం. గుసగుసకు ఇంతకన్నా మంచి నిర్వచనం నేనెక్కడా చూడలేదు.

ఉపాంశువుకు తర్వాత రెండు జీవితాలు వచ్చాయి. జపంలో అది గొప్పది. విధిగా చేసే యజ్ఞం కన్నా జపం పది రెట్లు, ఉపాంశు జపం వంద రెట్లు, మనసులో చేసేది వెయ్యి రెట్లు అని మనుస్మృతి లెక్క కట్టింది. అదే మాట కౌటిల్యుడి అర్థశాస్త్రంలోకి వెళ్లేసరికి ఉపాంశుదండమైంది. అంటే చప్పుడు లేకుండా మట్టుపెట్టడం. పూజగదిలో పుణ్యమైన నిశ్శబ్దం రాజు కోటలో హత్య. చెవిలో జపించేవాడు అన్న అర్థం ఉన్న కర్ణేజపుడికి అమరకోశం అనే సంస్కృత నిఘంటువు ఇచ్చిన చోటు పిశునుడు, దుర్జనుడు, ఖలుడు అన్న మాటల వరసలో. కొండేలు చెప్పేవాడు అన్నమాట. జపం అన్న పవిత్రమైన ముక్క లోపల ఉన్నా వాణ్ని కాపాడలేకపోయింది.

రహస్యం అసలు మాట గురించినది కాదు, చోటు గురించినది. రహస్ అంటే ఏకాంతం, ఎవరూ లేని స్థలం. మంతనం వెనక సంస్కృతపు మంత్రణం ఉంది, మంత్రి అన్న మాటకు చుట్టం. ఆలోచన చేసే చోటుకు పక్షి కూడా తొంగిచూడకూడదని, చిలకలూ గోరువంకలూ గుట్టు బయటపెట్టిన సందర్భాలున్నాయని కౌటిల్యుడు హెచ్చరించాడు. ఆరు చెవుల్లో పడిన ఆలోచన నిలవదు, నాలుగు చెవుల్లోది నిలుస్తుందని పంచతంత్రం. నాలుగు చెవులంటే ఇద్దరు మనుషులు. మూడోవాడు వచ్చాడంటే అయిపోయింది. మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో 13వ శతాబ్దంలో తిక్కన భారతం మొదలుపెట్టింది విరాటపర్వంతో. ఆ పర్వమంతా మూడోవాడి భయమే. పాండవులు తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని చాటు పేర్లు పెట్టుకున్నారు. కీచకుడి సంగతి చెప్పడానికి ద్రౌపది రాత్రిపూట వంటశాలకు వెళ్లి భీముణ్ని లేపాల్సి వచ్చింది. అజ్ఞాతవాసంలో గొంతు పెరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇక గుసగుసలు అని బహువచనంలోకి వచ్చాక అర్థం ఎలా మారిందో చూడాలి. ఏకవచనంలో అది చప్పుడు, మాట్లాడే తీరు. బహువచనంలో అది సరుకు. “పార్టీ మారతారని గుసగుసలు వినిపిస్తున్నాయి” అని పేపర్లో చదువుతాం. ఎవరు గుసగుసలాడారు, ఎవరి చెవిలో అన్నది ఉండదు. చెప్పినవాడు మాయమై చెప్పినది మిగలడం, గుసగుస పుకారుగా మారే పద్ధతి ఇదే. వదంతి అన్న మాట అచ్చంగా ఇలాంటిదే. సంస్కృతంలో వదంతి అంటే “అంటున్నారు”. కర్తకు పేరు లేని క్రియే నామవాచకమైపోయింది. పుకారు కథ మరీ వింత. హిందీలో పుకార్ అంటే కేక, పిలుపు. మన దగ్గరికి వచ్చి అది ఎవరు వేశారో తెలియని కేక అయింది. ఎవరూ గట్టిగా అనని మాటకు కేక అని పేరు పెట్టడం మొదట తప్పనిపిస్తుంది. ఒక వాడలో పొద్దున మొదలైనది సాయంత్రానికి ఊరంతా గుప్పుమనడం చూసినవాళ్లకు అనిపించదు.

ఈ మాటల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. హోటల్ గదిలో తలుపులు వేసుకుని నలుగురు నాయకులు గొంతు తగ్గించి మాట్లాడితే “మంతనాలు” అని రాస్తారు. పెళ్లి సంబంధం దగ్గర పెద్దమనుషులు పక్కకెళ్లి మాట్లాడితే “సంప్రదింపులు”. పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని నోరు కూడా మెదపకుండా ధర తేల్చుకుంటే అది “బేరం”. కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గర నలుగురు కూలీలు మాట్లాడుకుంటే, వెనక బెంచీ పిల్లలు మాట్లాడుకుంటే మాత్రం గుసగుసలు. చప్పుడులో తేడా లేదు. ఎవరి మాటకు విషయం ఉందని నమ్ముతామో వాళ్లకు విషయాన్ని చెప్పే పేరు పెడతాం. ఎవరి మాటకు విషయం లేదనుకుంటామో వాళ్లకు చప్పుడు పేరు పెడతాం.

అలా లెక్కలోకి తీసుకోని మాట ఏమవుతుందో నెల్లూరు జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దారు. ఆ వాచకంలో “సీతమ్మ కథ” అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల కూలిపోయిన కాపురం గురించి. మొగుడి తాగుడు, కూలి డబ్బులు సారా కొట్లో పోవడం, దెబ్బలు, ఇవన్నీ అంతకుముందు కూడా ఆడవాళ్లు ఒకరి దగ్గర ఒకరు చెప్పుకున్నవే. దాన్ని మాటగా ఎవరూ తీసుకోలేదంతే. దూబగుంట రోశమ్మ ముందు నడిచింది, ఊళ్లో సారా దుకాణం మూతపడింది. ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకమే నిషేధమైంది. ఆ ఉద్యమం ఎక్కడ పుట్టిందంటే అందరూ రాత్రి బడి అంటారు. నేను అంతకుముందు ఎన్నో ఏళ్ల కుళాయిల దగ్గరి, బావుల దగ్గరి మాటల్ని కూడా కలుపుతాను.

మెల్లగా చెప్పినా గుసగుస అనిపించుకోని మాటలు కొన్ని ఉన్నాయి. బారసాలలో తండ్రి బిడ్డ చెవిలో పేరు చెబుతాడు. ముస్లింల ఇళ్లలో పుట్టిన బిడ్డ కుడి చెవిలో అజాన్ వినిపిస్తారు. వడుగులో, అంటే ఉపనయనంలో, గుడ్డ కప్పి గాయత్రి ఉపదేశిస్తారు. శివాలయంలో నంది చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి కోరిక చెప్పుకుంటారు. నోరు చెవికి ఆని ఉంటుంది, గొంతు లేదు, “స” కూడా బయటికి కారుతూనే ఉంటుంది. అయినా చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని గుసగుస అనరు. అక్కడ జరుగుతున్నదేమిటో వాళ్లందరికీ తెలుసు. తనను బయట నిలబెట్టారని ఎవరికీ అనిపించదు. అనుమానం లేని చోట ఆ మాట పుట్టదు.

దీనికి పూర్తిగా ఎదురు చివర నెల్లూరులోనే ఉంది. ఏటా మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండగ. బారా షహీద్ అంటే పన్నెండు మంది అమరులు. కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటారు, తమది తీరాక మళ్లీ వచ్చి రొట్టె పంచుతారు. అన్ని మతాలవాళ్లూ మోకాళ్ల లోతు నీళ్లలో దిగుతారు. ఎవరి చేతిలో ఏ రొట్టె ఉందో తెలియాలంటే పైకి చెప్పాల్సిందే. కాబట్టి అక్కడ చెరువు మీద కేకలే కేకలు. చదువు రొట్టె! ఉద్యోగం రొట్టె! పెళ్లి రొట్టె! ఇంట్లో అయితే పిల్లలు లేరన్న సంగతి అత్తగారి చెవిన పడకుండా, తోడికోడలికి తెలియకుండా, అమ్మకు మాత్రమే ఫోన్లో గొంతు తగ్గించి చెప్పుకునే అమ్మాయి ఆ నీళ్లలో నిలబడి “సంతానం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?” అని గట్టిగా అడుగుతుంది. నాలుగు వరసల అవతల నుంచి ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ, చంకలో బిడ్డతో, “ఇట్టా రామ్మా, నా దగ్గరుండాది” అని పిలుస్తుంది.